డెబియన్ మెటాప్యాకేజీలు: విప్పుకోవడానికి వీలున్న కట్టలే మేలు

డెబియన్ అనేది లినక్స్ ఆధారిత ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్; అందులో ప్రోగ్రాములు ప్యాకేజీలనే పొట్లాలుగా దొరుకుతాయి. 2023 జూన్‌లో వెలువడిన డెబియన్ 12లో 64,419 ప్యాకేజీలు ఉన్నాయి. వాటిలో ఒక గణిత ఉపాధ్యాయునికి పనికివచ్చేవి ఏవో, అవి ఏ పేర్లతో ఉన్నాయో కొత్తగా వచ్చినవారు వెతికి పట్టుకోవడం కష్టం. ఈ ఇబ్బంది తీర్చడానికే డెబియన్‌లో మెటాప్యాకేజీలు ఉన్నాయి. ఇంట్లోని ఒక పాత ల్యాప్‌టాప్‌లో వీటిని ఒక్కొక్కటిగా వేసి, తీసి, మళ్లీ వేసి చూసిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను.

మెటాప్యాకేజీ అంటే కిరాణా కొట్టుకు పంపే సరుకుల చీటీ వంటిది. చీటీలో పప్పూ ఉప్పూ ఉండవు, వాటి పేర్లే ఉంటాయి. మెటాప్యాకేజీలోనూ ప్రోగ్రామేదీ ఉండదు. తెప్పించవలసిన ప్యాకేజీల పేర్లు మాత్రమే ఉంటాయి, సరుకు తెచ్చే పని ఆప్ట్ అనే డెబియన్ పనిముట్టు చూసుకుంటుంది. అయితే ఆ పేర్లను రెండు విధాలుగా రాయవచ్చు. 'డిపెండ్స్' అని రాస్తే ఆ ప్యాకేజీ లేనిదే మెటాప్యాకేజీ నిలవదు. 'రికమెండ్స్' అని రాస్తే మామూలుగా అది కూడా వస్తుంది కాని, అక్కరలేదని తీసివేసినా మిగిలినవాటికి భంగం కలగదు. నా దృష్టిలో ఒక కట్ట, అంటే మెటాప్యాకేజీ, మంచిచెడ్డలు ఈ ఒక్క తేడా మీదే ఆధారపడి ఉన్నాయి.

తెర మీద కనిపించే డెస్క్‌టాప్‌ను అందించే కట్టలతో మొదలుపెడతాను; కేడీఈ, గ్నోమ్ అలాంటి రెండు డెస్క్‌టాప్‌లు. కేడీఈ కోసం మూడు పరిమాణాలు ఉన్నాయి: కనీస అవసరాలకు కేడీఈ-ప్లాస్మా-డెస్క్‌టాప్, మధ్యస్థంగా కేడీఈ-స్టాండర్డ్, అన్నీ కావాలనుకునేవారికి కేడీఈ-ఫుల్. గ్నోమ్‌కు గ్నోమ్-కోర్, గ్నోమ్ అని రెండున్నాయి. ఈ వరుస బాగుంది. డిస్కులో చోటు తక్కువగా ఉన్నవారు చిన్నదానితో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి పెంచుకోవచ్చు. పెద్ద కట్టల్లో మాత్రం చాలా పేర్లు డిపెండ్స్ కింద ఉండటం వల్ల, వాడని ప్రోగ్రామును ఒక్కదాన్ని తొలగించబోయినా మెటాప్యాకేజీ కూడా తొలగిపోతుందని ఆప్ట్ హెచ్చరిస్తుంది. పోయేది చీటీయే కాని సరుకు కాదని తెలియనివారు ఆ వాక్యం చూసి డెస్క్‌టాప్ మొత్తం పోతుందేమోనని భయపడి వెనక్కి తగ్గుతారు. తెలిసి ముందుకు వెళ్లినవారు కూడా ఆ తర్వాత ఆటోరిమూవ్ (ఇక అక్కరలేదనుకున్న ప్యాకేజీలను తొలగించే ఆప్ట్ ఆదేశం) చూపే జాబితాను చదవకుండా సరే అనకూడదు.

ఈ విషయంలో డెబియన్ ఎడ్యు కట్టలు చాలా మెరుగు. నార్వేలో 2001లో స్కోలెలినక్స్ పేరుతో మొదలైన పాఠశాలల ప్రయత్నం డెబియన్‌లో కలిసి ఇలా స్థిరపడింది. ఎడ్యుకేషన్-మ్యాథమెటిక్స్, ఎడ్యుకేషన్-కెమిస్ట్రీ, ఎడ్యుకేషన్-ఆస్ట్రానమీ వంటి పేర్లతో పాఠ్యవిషయానికి ఒక కట్ట ఉంది; పూర్వ ప్రాథమిక దశ నుంచి ఉన్నత పాఠశాల వరకు వయసును బట్టి విడిగా కట్టలున్నాయి. ఖగోళ శాస్త్రపు కట్ట వేస్తే స్టెల్లేరియం, కేస్టార్స్ వస్తాయి. కేస్టార్స్ నాకు అక్కరలేక తీసివేశాను. కట్ట చెక్కుచెదరలేదు, ఎందుకంటే ఇందులో పేర్లన్నీ దాదాపుగా రికమెండ్స్ కిందనే ఉన్నాయి. దీనికి ఒక చమత్కారమైన పర్యవసానం కూడా ఉంది. చోటు ఆదా చేయాలని రికమెండ్స్‌ను నిలిపివేసే అలవాటున్నవారు ఇదే కట్టను వేస్తే ప్రోగ్రాములు రావు, ఖాళీ చీటీ మిగులుతుంది. అందువల్ల ఏ కట్టనైనా ముందు ఆప్ట్‌లో అనుకరణ ఐచ్ఛికంతో, అంటే ఏమీ దించకుండా జాబితా మాత్రం చూపే పద్ధతిలో, నడిపి చూడటం మంచిది.

తెలుగువారికి పనికివచ్చే చీటీలూ ఉన్నాయి. ప్యాకేజీలను పనుల వారీగా గుంపులుగా వేసే టాస్క్‌సెల్ అనే పనిముట్టులో తెలుగు డెస్క్‌టాప్‌కు ప్రత్యేకంగా ఒక టాస్క్ ఉంది, ఫాంట్లకు ఫాంట్స్-తెలు అనే మెటాప్యాకేజీ ఉంది. తెలుగు చదవడానికి ఇవి చాలు. రాయడానికి మాత్రం ఐబస్-ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీని నేను విడిగా వేసుకుని, ఇన్‌స్క్రిప్ట్ గాని ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి) గాని కీబోర్డుగా ఎంచుకోవలసి వచ్చింది. చదవడానికీ రాయడానికీ కలిపి ఒకే కట్ట ఉండవలసిందని నా అభిప్రాయం.

మరొక లోపం వివరణలది. చాలా కట్టల వివరణ ఒకటి రెండు ముక్తసరి వాక్యాలతో ముగుస్తుంది. లోపల ఏముందో తెలుసుకోవాలంటే పేర్ల జాబితా తెరిచి ఒక్కొక్క ప్యాకేజీ గురించి చదువుకోవాలి. కట్ట ఉన్నదే ఆ శ్రమ తప్పించడానికి కదా!

ఎవరో కట్టినది నచ్చనివారికి ఈక్వివ్స్ అనే చిన్న పనిముట్టు ఉంది. అది ఇచ్చే నమూనా ఫైలులో కావలసిన పేర్లను రికమెండ్స్ వరుసలో రాసి ఈక్వివ్స్-బిల్డ్ నడిపితే సొంత మెటాప్యాకేజీ తయారవుతుంది. దాన్ని డీపీకేజీతో (చేతిలో ఉన్న ఒక్క ప్యాకేజీనే వేసే పనిముట్టు) కాకుండా ఆప్ట్‌తోనే వేయాలి, లేకపోతే సరుకు రాదు. తెలుగు ఫాంట్లు, ఐబస్-ఎం17ఎన్, లిబ్రేఆఫీస్, స్టెల్లేరియం, పిల్లల విద్యా ఆటల జీకాంప్రిస్‌లతో నేను కట్టుకున్న చీటీలో ఇప్పుడు తొమ్మిది పేర్లున్నాయి. ఏ కంప్యూటర్‌లో డెబియన్ వేసినా మొదట వేసేది దాన్నే.