ఆదివారం రాగూ: బొలోన్యాదా, నేపుల్స్‌దా?

ఇటలీలో తిండిపిచ్చి ఉన్నవాళ్ళని ఎవర్ని కదిపినా చివరికి అమ్మమ్మ వంటింట్లోనే తేలతారు, ఆదివారం పొద్దున్నే రాగూ (పాస్తాలోకి చేసే మాంసం గ్రేవీ) ఉడికే వాసనకి నిద్ర లేచాం అంటారు. కానీ ఏ ఊరి రాగూ అన్నదే గొడవ.

బొలోన్యాది ఖీమా టైపు. ఉల్లి, క్యారెట్, సెలరీ సన్నగా తరిగి వేయించి, బీఫ్ ఖీమా, ఉప్పులో ఊరిన పంది పొట్ట మాంసం, కాస్త వైన్, పాలు కూడా పోస్తారు, టమాటా మాత్రం తక్కువే. 1982లో ఈ రెసిపీని అక్కడి ఛాంబర్ ఆఫ్ కామర్స్‌లో రిజిస్టర్ కూడా చేయించారు, చూడండి పట్టింపు! దీనికి జోడీ టాలియాటెల్లే అనే పాస్తా, 100 గ్రాముల పిండికి ఒక గుడ్డు లెక్కన కలిపి పొడవాటి కర్రతో పల్చగా ఒత్తి రిబ్బన్లలా కోసేది. స్పగెట్టీ మీద వేశామంటే మొహం మాడ్చుకుంటారు.

నేపుల్స్‌లో ఖీమా గీమా లేదు. పెద్ద పెద్ద మాంసం ముక్కలు బోలెడు టమాటాలో పడేసి సన్న సెగ మీద గంటలకి గంటలు వదిలేస్తారు, ఆ బుడబుడ ఉడకడానికి పిప్పియారే అని పేరే ఉంది. ముందు గ్రేవీ జీటి పాస్తాకి పట్టించి తింటారు, మాంసం తర్వాత విడిగా, అంటే ఒక్క గిన్నెలో రెండు వంటలన్నమాట.

నా ఓటు నేపుల్స్‌కే. గ్రేవీ అన్నంలో కలుపుకుని ముక్క చివరికి దాచుకునే బ్యాచ్ కదా మనం. పైగా పాస్తా ప్యాకెట్‌దే, ఒత్తే పని లేదు.