రేకుల ఇంట్లో అమ్మకు: కూలరా, సున్నమా?

మార్చి వచ్చిందంటే తెలిసినవాళ్లంతా నన్ను అడిగేది ఇదే. ఊళ్లో సిమెంటు రేకుల ఇంట్లో ఉన్న అమ్మానాన్నలకు కూలర్ కొనాలా, రేకులకు సున్నం వేయించాలా? పోయినేడు మా అమ్మ కోసం నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది.

కూలర్‌ను తక్కువ చేయను. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి, కిటికీ తెరిచి పెడితే గది బాగా చల్లబడుతుంది. వట్టి ఫ్యాన్ అట్లా కాదు. గదిలో 40 డిగ్రీలు దాటితే అది ఒంటి మీదికి సెగనే తోలుతుంది. పెద్దవాళ్లకు చెమట కూడా తక్కువే పడుతుంది.

కానీ మధ్యాహ్నం రెండింటికి ఆ ఇంట్లో ఎవరుంటారు? నా లెక్కలో అసలు ప్రశ్న ఇదే. అందరూ పనికి పోతారు, అమ్మ ఒక్కతే ఉంటుంది. మాది మర్రిగూడ వైపు. ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయేలా చేసే ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం వాళ్లది. అమ్మకు మోకాళ్లు వంగవు, చెయ్యి భుజం దాకా లేవదు. కూలర్‌లో నీళ్లయిపోతే బిందె ఎత్తి పోసేదెవరు? కరెంటు పోతే? కరెంటు ఉన్నా, బిల్లు ఎక్కువొస్తదని ఆమే ఆపేస్తుంది.

సున్నానికి అమ్మ ఏమీ చేయక్కర్లేదు. తెల్లటి పూత ఎండను పైనే తిప్పికొడుతుంది. లోపల 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గుతుంది. బీపీ మాత్రలు వేసుకునే మనిషికి అది చిన్న తేడా కాదు. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం, అంటే పైకప్పులు ఎండను తిప్పికొట్టేలా ఉండాలనే విధానం తెచ్చింది గానీ, ఇళ్లలో 600 గజాలు, ఆపైన స్థలం ఉన్నవాటికే తప్పనిసరి చేసింది. అసలు అవసరం రేకుల ఇళ్లకే అని నా గట్టి నమ్మకం.

అందుకే సున్నమే వేయించాను. రెండు పూతలు, పట్టు కోసం కొంచెం ఫెవికాల్. రేకు పగలకుండా పలక వేసుకొని ఎక్కాలి, సున్నం కళ్లలో పడకుండా చూసుకోవాలి. వానలకు పోతుంది, ఏటా వేయాల్సిందే. ఇనుప రేకులకైతే సున్నం నిలవదు, తెల్ల పెయింటే వేయాలి.

పైన గడ్డి పరచడం కూడా కొందరు చేస్తారు. నిప్పు భయం, తేళ్ల భయం, నేను వద్దంటాను.

ఏది వేయించినా మధ్యాహ్నం ఒకసారి ఫోన్ చేయండి. అమ్మ మాట తడబడితే వడదెబ్బ కావచ్చు, పక్కింటివాళ్లతో ఒళ్లంతా తడిపించి గాలి విసిరించండి, వెంటనే 108కి చెప్పండి.