పర్లాకిమిడిలో అద్దె సైకిళ్లు కావాలంటే ఈ షాపుకి వెళ్లండి

రైల్వే స్టేషన్‌కి వెళ్లే దారిలో బోర్డు కూడా లేని రేకుల షెడ్డు. పంచర్లు వేస్తారు, సైకిళ్లు అద్దెకిస్తారు. వేసవి సెలవుల్లో కాశీనగర్‌లోని మా పెద్దమ్మ ఇంటికి పిల్లలతో సైకిళ్ల మీద వెళ్దామనుకుని నాలుగు సైకిళ్లు అక్కడే తీసుకున్నాం. సైకిల్‌కి రోజుకి 80 రూపాయలు.

షాపాయన అద్దె సంగతి తర్వాత మాట్లాడారు. ముందు అడిగింది, "ఎన్ని గంటలకి బయల్దేరతారమ్మా?" అని. ఏడింటికని మావారు చెప్పగానే తల అడ్డంగా ఊపారు. "అయిదుకల్లా బయల్దేరి తొమ్మిది లోపు నీడకి చేరిపోవాలి బాబూ, పిల్లలున్నారు కదా. అలా కుదరకపోతే సాయంత్రం బస్సెక్కండి" అన్నారు. చేతికొచ్చిన బేరం పోయినా ఫర్వాలేదనుకునే మనిషి మీద నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

ముందురోజు సాయంత్రమే రమ్మన్నారు. మా బాబుని సైకిలెక్కించి, పెడల్ కిందికి ఉన్నప్పుడు మడమ దానికి ఆని కాలు తిన్నగా వచ్చేదాకా సీటు దించారు. టైర్లు చుట్టూ తిప్పి చూశారు. ఒక ట్యూబుకి పాత అతుకు అంచు లేచి ఉంటే, అది ఎండకి ఊడిపోతుందని పీకేసి కొత్తది వేశారు. గాలి మాత్రం రాయిలా గట్టిగా కొట్టలేదు. ఎండలో ట్యూబులో గాలి వ్యాకోచిస్తుందట, సైకిల్‌ని నీడలోనే ఆపమని మరీ మరీ చెప్పారు. పక్కన పనిచేసే కుర్రాడితో ఒడియా, మాతో తెలుగు. ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న మా ఊళ్లో అది మామూలే.

అన్నిటికంటే నాకు నచ్చింది, మా పెద్దమ్మాయి చేత పంచరు వేయించడం. చిన్న సంచిలో టైరు ఊడదీసే లీవర్లు, గరుకు కాగితం, సొల్యూషన్, అతుకులు, చేతి పంపు పెట్టి ఇచ్చారు. దీనికి వేరే డబ్బు తీసుకోలేదు. దారిలో తుమ్మముల్లు దిగి నా సైకిల్‌కే గాలి పోయింది. మామిడిచెట్టు కింద కూర్చుని అమ్మాయే ట్యూబు బయటికి లాగింది. ముంచి చూడటానికి బకెట్టు లేదు. కాస్త గాలి కొట్టి, ట్యూబుని చెంప దగ్గర మెల్లగా జరుపుకుంటూ పోయి బెజ్జం పట్టుకుంది. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, అది తడి ఆరేదాకా ఆగి అతుకు వేసింది. ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపల చేత్తో జాగ్రత్తగా తడిమి ముల్లు మొన తీసేసింది. అది ఉండిపోతే రెండడుగులు వెయ్యకుండానే మళ్లీ పంచరట, ఆయనే చెప్పారట.

దారి మాట కూడా చెప్పాలి. గుణుపురం రైలు కనిపిస్తే పిల్లలు చేతులూపేవారు. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి వచ్చిన చిన్న రైలు లైనే తర్వాత గుణుపురం దాకా సాగింది. 2011 నుంచి బ్రాడ్‌గేజ్. మా అమ్మ ఆ చిన్న రైల్లోనే పెద్దమ్మ ఇంటికి వెళ్లేది. సీసాల్లో నీళ్లు తొందరగా వేడెక్కిపోయాయి, తడిగుడ్డ చుట్టాక నయం. ఉప్పేసిన మజ్జిగ పట్టుకెళ్లడం చాలా మంచిదైంది. తొమ్మిదికి ముందే వంశధార ఒడ్డున కాశీనగర్ చేరాం. ఆ తర్వాత రోడ్డు మీద కాలు పెట్టేలా లేదు.

లోట్లూ ఉన్నాయి. గేర్ల సైకిళ్లు లేవు. ఎదురుగాలిలో బాబు బాగా అలిసిపోయాడు. చిన్నపిల్లల్ని కూర్చోబెట్టడానికి ముందువైపు ఉండే సీటు ఇనుపది, ఎండలో కాలిపోతుంది. దానికి తువ్వాలు చుట్టాల్సిందే. మధ్యాహ్నం షాపు మూసేస్తారు, కాబట్టి సైకిళ్లు తిరిగివ్వడానికి సాయంత్రం వెళ్లండి. పిల్లల సైజు హెల్మెట్లు లేకపోవడం మాత్రం పెద్ద లోటే. అడిగితే తెప్పిస్తానన్నారు. మీరూ వెళ్లినప్పుడు అడగండి, నలుగురు అడిగితే తొందరగా తెప్పిస్తారు.