ఆస్కార్ బంద్‌గలా, అమీర్‌పేట మాస్టర్ గారు

ఫొటో చూపించీ చూపించగానే "అయిపోతుంది మేడమ్, సేమ్ టు సేమ్ దించేస్తాం" అనే షాపుని నేను నమ్మను. రెడ్ కార్పెట్ మీద కనిపించే బట్టని సేమ్ టు సేమ్ దించడం ఎవరి వల్లా కాదు. ఒక మనిషి ఒంటికి, ఒక రాత్రికి, అక్కడి కెమెరా ఫ్లాష్‌లకి లెక్కగట్టి కుట్టిన బట్ట అది. నేను ఇప్పుడు చెప్పబోయే టైలరింగ్ షాపులో మాస్టర్ గారు మాత్రం నా ఫోన్ తీసుకుని, వేళ్ళతో పెద్దది చేసి చూసి, మొదట అడిగిన మాట ఇది: "వెనక నుంచి తీసిన ఫొటో ఉందా అమ్మా?" ఆ ఒక్క ప్రశ్న విని మా తమ్ముడి కోటుకి అడ్వాన్స్ ఇచ్చేశాను.

షాపు అమీర్‌పేట సందుల్లో మెట్లెక్కి వెళ్ళే మొదటి అంతస్తులో ఉంది. బయట బోర్డు లేదు. మాస్టర్ గారి షాపు అంటే ఆ వీధిలో అందరూ చూపిస్తారు. ముందు గదిలో కటింగ్ టేబుల్, రెండు మిషన్లు. వెనక గదిలో చేతి ఎంబ్రాయిడరీకి బట్ట బిగించే మగ్గం ఫ్రేములు.

ఫొటో ఏదో తెలుగువాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. 2023 మార్చి 12, లాస్ ఏంజెలెస్ డాల్బీ థియేటర్, 95వ ఆస్కార్ వేడుక. మనకి అప్పటికి 13వ తేదీ తెల్లవారుజాము. 'ఆర్ఆర్ఆర్'లోని 'నాటు నాటు'కి అవార్డు వచ్చిన క్షణం, కీరవాణి గారు, చంద్రబోస్ గారు స్టేజీ ఎక్కిన క్షణం అందరికీ గుర్తే. నాకు దానికి ముందు నడిచిన కార్పెట్ కూడా అంతే గుర్తు. 1961 నుంచి ఎర్రగానే ఉన్న ఆ కార్పెట్‌ని ఆ ఏడాది షాంపేన్ రంగులోకి మార్చారు. ఆ లేత రంగు మీదికి తారక్ (జూనియర్ ఎన్టీఆర్) నల్ల వెల్వెట్ బంద్‌గలాలో, అంటే మెడ దాకా మూసి ఉండే కోటులో వచ్చాడు. భుజం మీద బంగారు రంగు పులి. డిజైనర్ గౌరవ్ గుప్తా.

నా లెక్కలో మన హీరోలు విదేశీ వేదికల మీద వేసుకున్న వాటిలో అదే మొదటి స్థానం. అంతకు రెండు నెలల ముందు జనవరిలో గోల్డెన్ గ్లోబ్స్‌కి అదే తారక్ నల్ల టక్సీడోలో వెళ్ళాడు. బాగానే ఉన్నాడు, కానీ ఆ హాల్లో అలాంటి టక్సీడోలు బోలెడు. ఆ రోజు నా కళ్ళు రాజమౌళి గారి ధోవతి మీదే ఉన్నాయి. ఆస్కార్ బంద్‌గలాకి వచ్చేసరికి అంతా మారిపోయింది. వెల్వెట్ వెలుగుని మింగేస్తుంది, దాని మీది జరీ ఆ వెలుగుని తిరిగి కొడుతుంది. అందుకే ఎంత దూరం నుంచి తీసిన ఫొటోలో అయినా ముందు పులి కనిపిస్తుంది, తర్వాత మొహం, ఆ తర్వాతే కోటు. పైగా సినిమాలో పులితో ఆయన తలపడ్డ సీన్ చూసినవాళ్ళకి ఆ బొమ్మ అక్కడ ఎందుకుందో ఎవరూ చెప్పక్కర్లేదు. కథ తెలిసినవాళ్ళకి కథ, తెలియనివాళ్ళకి మన జాతీయ జంతువు. రెడ్ కార్పెట్ మీద బట్ట చేయాల్సిన పని అదే. అదే రాత్రి రామ్‌చరణ్ వేసుకున్న శాంతను అండ్ నిఖిల్ వారి నల్ల డ్రెస్ కూడా నాకు చాలా ఇష్టం. కానీ అది దగ్గర నుంచి చూడాల్సిన డ్రెస్.

మా తమ్ముడు తారక్ అభిమాని. రిసెప్షన్‌కి పులి ఉండాల్సిందే అన్నాడు. అంతకు ముందు ఒక పెద్ద బొటీక్‌కి వెళ్తే, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ ప్యాచ్ ఒకటి చూపించి హ్యాండ్ వర్క్ అని చెప్పారు. వెనక్కి తిప్పి చూస్తే దారాలన్నీ ఒకే కొలతలో, తెల్ల బాబిన్ దారంతో ఉన్నాయి. చేతిపని వెనక వైపు అలా ఉండదు. ముడులుంటాయి, ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి దాటిన దారాలుంటాయి. మగ్గం వర్క్ అని డబ్బులు పెట్టే ప్రతి ఒక్కరూ బట్ట తిప్పి చూడాలని నా గట్టి అభిప్రాయం.

మాస్టర్ గారు చెప్పిన మొదటి విషయం పులి గురించి కానే కాదు, వెల్వెట్ నూగు గురించి, అంటే దాని మీద మెత్తగా నిలబడే పోగుల గురించి. నూగు పైకి ఉండేలా కట్ చేస్తే నలుపు చిక్కగా కనిపిస్తుంది, కిందికి ఉంటే కొంచెం బూడిద రంగు కొడుతుంది. ఒక ముక్క అటు, ఒక ముక్క ఇటు కట్ చేస్తే ఫంక్షన్ హాల్ లైట్లలో ఒకే కోటు రెండు రంగుల్లో కనిపిస్తుందట. అందుకే బట్ట కాస్త ఎక్కువే పడుతుందని ముందే చెప్పారు. ఎంత కొనాలో, ఎలాంటిది కొనాలో, ముక్క కత్తిరించి ఇచ్చి మరీ పంపారు.

రెండో విషయం పులి ఎక్కడ కూర్చోవాలన్నది. ఫొటోలో పులి భుజం మీదుగా ఉంది కదా. భుజం దగ్గర ముందు ముక్క, వెనక ముక్క కలిసే కుట్టు ఒకటుంటుంది. బొమ్మ ఆ కుట్టు దాటాలి. విడివిడి ముక్కల మీద పని చేసి తర్వాత కలిపితే పులి మెడ దగ్గర గీత పడిపోతుంది. అందుకని ఆయన భుజం కుట్టు ముందే కలిపేసి, పక్కల కుట్లు వేయకుండా, బట్టని పరిచి ఫ్రేమ్‌కి బిగించారు. పంజా ఒకటి చేతి మీదికి రావాలి. అది చేతులు అతికించాక, కోటుని ఒళ్ళో పెట్టుకుని విడిగా కుట్టారు. వెల్వెట్ మీద ట్రేసింగ్ పౌడర్ నిలవదు, చెయ్యి తగిలితే చెరిగిపోతుంది. కాబట్టి బొమ్మని పల్చటి ఆర్గంజా మీద గీసి, దాన్ని వెల్వెట్ మీద టాకాలు వేసి, దాని మీద నుంచే జర్దోసి (జరీ తీగల చేతిపని) వేశారు. పని అయ్యాక అంచుల్లో మిగిలిన ఆర్గంజా కత్తిరించేశారు.

ఇదంతా నాకెలా తెలుసంటే, వెనక గదిలో కూర్చోనిచ్చారు. చాలా షాపుల్లో మగ్గం గదిలోకి కస్టమర్‌ని రానివ్వరు. ఇక్కడ మాస్టర్ గారే "రండమ్మా, పని చేసేది ఈ భాయ్" అని పరిచయం చేశారు. ఆ భాయ్ బెంగాల్ నుంచి వచ్చిన కారీగర్. తల వంచుకుని ఆరి సూదితో దారం లాగుతుంటే ఆ చేతి వేగం చూస్తూ ఉండిపోయాను. పులి కళ్ళకి ముందు నల్ల కట్ దానా పూసలు వేసి, నచ్చక తనే విప్పేసి, చిన్న ఫ్రెంచ్ నాట్స్‌తో (ముడి కుట్లతో) మళ్ళీ మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు. అది తన పని, తనకి నచ్చాలి, అంతే.

సెలబ్రిటీ వార్తల మీద నాకున్న కోపం ఇక్కడ చెప్పకపోతే ఈ రివ్యూ సగమే అవుతుంది. మన ఎంటర్‌టైన్‌మెంట్ వార్తల్లో బట్టల గురించి వచ్చేవి రెండే రకాలు. ఒకటి ధర ఎంతో చెప్పి షాక్ అవ్వమనేది, రెండోది ఎవరు బాగున్నారు, ఎవరు బాలేదు అని మార్కులు వేసేది. బట్ట ఏమిటి, కుట్టు ఏమిటి, ఎవరి చేతులు అన్నది వెతికినా దొరకదు. న్యూయార్క్‌లో ఏటా జరిగే ఫ్యాషన్ వేడుక మెట్ గాలాకి 2024లో ఆలియా భట్ సబ్యసాచి చీర కట్టుకుని వెళ్ళింది, పుదీనా ఆకు రంగుది, వెనక నేల మీద జీరాడే 23 అడుగుల ట్రెయిన్‌తో. దాని వెనక 163 మంది ఉన్నారని, 1,965 గంటలు పట్టిందని ఆమే స్వయంగా చెప్పింది. ఆ చీర నాకు నచ్చడానికి సగం కారణం ఆ మాటే. స్టార్లందరూ అలా చెప్పాలని కోరుకుంటాను.

2025 మెట్ గాలా అయితే టైలరింగ్ మీదే నడిచింది. నల్లజాతి వారి దుస్తుల చరిత్ర, కోటు కుట్టే కళ ఆ ఏడాది ఎగ్జిబిషన్ విషయం. షారుఖ్ ఖాన్ సబ్యసాచి పొడుగు నల్ల కోటులో, చేతిలో పులి తల ఉన్న కర్రతో వచ్చాడు. మనవాళ్ళు మాత్రం అక్కడి రిపోర్టర్లు ఆయన్ని గుర్తుపట్టలేదన్న చర్చలోనే మునిగిపోయారు. ఆ కోటు భుజం ఎంత శుభ్రంగా కూర్చుందో మాట్లాడినవాళ్ళు తక్కువ. అందరూ నడిచిన ఆ నీలం కార్పెట్ కూడా కేరళలోని అలప్పుజ జిల్లాలో నేసినదే. ఈ ఫొటోలన్నీ మాస్టర్ గారికి చూపించాను. షారుఖ్ కోటు చూసి ఆయన "చెయ్యి అతికించిన తీరు చూడండమ్మా, ఒక్క ముడత లేదు" అన్నారు. అదే వేడుకకి గర్భవతిగా వెళ్ళిన కియారా అద్వానీ డ్రెస్ కూడా గౌరవ్ గుప్తాదే. తల్లి గుండె, బిడ్డ గుండె, రెంటినీ కలిపే గొలుసుతో బంగారు రంగు కవచం ఉంటుందే, అది. దాన్ని చాలాసేపు చూసి, "ఇది మా సూది పని కాదు, లోహం పని. ఇలాంటిది అడిగితే నేను ఒప్పుకోను" అన్నారు. ఏది చేయగలరో, ఏది చేయలేరో అంత స్పష్టంగా చెప్పే మనిషి చేతిలో బట్ట పెట్టడానికి భయం ఉండదు.

పులి విషయంలో కూడా ఆయన ఒక షరతు పెట్టారు. "అది ఆయన డిజైన్ కదమ్మా, మన పులి మనం గీసుకుందాం." తమ్ముడు మొదట మొహం మాడ్చుకున్నాడు. చివరికి వచ్చిన పులి వీపు మీద నుంచి ఎక్కి, భుజం దాటి, ఛాతీ వైపు తల వంచి చూస్తోంది. తారక్ కోటుని తలపిస్తుంది కానీ అది కాదు. కాపీలతో నిండిపోయిన మన పెళ్ళి మార్కెట్లో ఒక టైలర్ ఈ మాట అనడం నాకు చాలా పెద్ద విషయం.

ఇక కోటు. జర్దోసి బరువుకి ఒక భుజం కిందికి లాగుతుందని నాకు తెలుసు, అదే టెన్షన్. మాస్టర్ గారు పని లేని భుజం లోపల కూడా గట్టి బుక్రం గుడ్డ అదనంగా వేసి రెండు వైపులా బరువు, బిగువు సరిచేశారు. వేసుకుని నిలబడితే కోటు ఎటూ ఒరగలేదు. లోపలి లైనింగ్ మెత్తగా ఉంది, జరీ ఎక్కడా ఒంటికి గుచ్చుకోదు. ట్రయల్‌లో కాలర్ బిగుతుగా ఉందంటే అక్కడే కూర్చోబెట్టి విప్పి సరిచేశారు.

కుట్టుకూలి 7,000, మగ్గం పని 16,000, వెల్వెట్, లైనింగ్ మనవి. చౌక కాదు. ఆ చేతిపనికి ఎక్కువా కాదు. బిల్లు చిన్న కాగితం మీద రాసిస్తారు, ఫోన్‌పే తీసుకుంటారు.

లోపాలు ఉన్నాయి, దాచను. చెప్పిన తేదీకి ఇవ్వరు. మాకు రిసెప్షన్ దగ్గరపడ్డాక గానీ కోటు చేతికి రాలేదు, ఇంట్లో అందరికీ నిద్ర లేదు. ఫోన్ చేస్తే ఎత్తడం అరుదు, మనమే వెళ్ళి అడగాలి. ట్రయల్ రూమ్ అంటే ఒక మూల కర్టెన్, అంతే. ఆడవాళ్ళకి అది ఇబ్బంది. అద్దం కూడా నిలువెత్తుది కాదు. ఇంత పని చేసే షాపుకి మంచి అద్దం, తలుపున్న చిన్న గది చాలా అవసరం, ఆ మాట మాస్టర్ గారితోనే అన్నాను. పైమెట్లు నిటారుగా ఉంటాయి, పెద్దవాళ్ళని తీసుకెళ్తే జాగ్రత్త.

వెళ్ళేవాళ్ళు ఒక్క ఫొటో కాకుండా ముందు, పక్క, వెనక, కూర్చున్నప్పటివి, వీలైతే వీడియో కూడా తీసుకెళ్ళండి. రెడ్ కార్పెట్ ఫొటోల్లో స్టార్లు బట్ట బాగా కనిపించే కోణంలోనే నిలబడతారు. నడిచేటప్పుడు బట్ట ఎలా కదిలిందో వీడియోలోనే తెలుస్తుంది. ఆషాఢంలో ఆర్డర్ ఇస్తే ఆయనకి తీరిక ఉంటుంది, మీతో కూర్చుని మాట్లాడతారు. శ్రావణం వచ్చిందంటే ఆయన తల ఎత్తరు.

నేను మళ్ళీ వెళ్ళాను కూడా. ఈసారి అదే ఆస్కార్ రాత్రి నుంచి ఉపాసన గారి ఫొటో తీసుకెళ్ళాను, హైదరాబాద్ డిజైనర్ జయంతి రెడ్డి చేసిన మీగడ రంగు పట్టుచీర. నా దగ్గర ఉన్న అదే రంగు చీరకి జాకెట్ కావాలి. చేతులకి కొంచెం వర్క్ వేద్దామా అని అడిగాను. మాస్టర్ గారు ఫొటో చూసి, చీర అంచు వేళ్ళ మధ్య పట్టుకుని చూసి, "వద్దమ్మా, పట్టు బాగుంది, కుట్టు శుభ్రంగా ఉంటే చాలు" అన్నారు. మగ్గం పని మీద వచ్చే డబ్బు వదులుకుని కుట్టుకూలి మాత్రమే తీసుకున్నారు. జాకెట్ ఆ రంగు అంచుకి సరిగ్గా కలిసింది, భుజం దగ్గర ఒక్క ముడత లేదు.