పాత జీపుకు ఇంజన్ మార్చాలా, ఉన్నదే కట్టించాలా? అనంతపురంలో ఒక షెడ్డు పనితనం

పాత ఫోర్‌వీల్ డ్రైవ్ జీపులకు ఇంజన్ మార్చే, ఉన్నదాన్నే విప్పి బాగుచేసి మళ్లీ కట్టే షెడ్లు అనంతపురంలో కొన్ని ఉన్నాయి. నేను చెప్పబోయేదానికి బోర్డు కూడా లేదు. తాడిపత్రి రోడ్డులో ఊరు దాటబోయే ముందు రేకుల షెడ్డు, ముందర ఒక వేపచెట్టు, ఆ చెట్టు కింద ఎప్పుడు చూసినా బానెట్ విప్పిన జీపులు. అందరూ భాయ్ షెడ్డు అంటారు. ఇంజన్ పనికి పదికి తొమ్మిది మార్కులు వేస్తాను. వైరింగుకు నాలుగు. చెప్పిన తేదీకి బండి ఇవ్వడంలో సున్నా.

మాది పెద్దపప్పూరు పక్క చీనీ (బత్తాయి) తోట. బండి మహీంద్రా ఎంఎం 540, మా నాయన కొన్నది. అందులోది ప్యూజో డీజిల్ ఇంజన్, 2112 సీసీ. మహీంద్రా వాళ్లు 1979లో ఫ్రాన్స్ ప్యూజో కంపెనీ నుంచి లైసెన్సు తీసుకుని ఇక్కడ తయారు చేసిన ఎక్స్‌డీపీ 4.90 అంటే ఇదే. వానలు పడితే మా రేగడిలో ట్రాక్టర్, ఈ జీపు తప్ప ఇంకేదీ కదలదు. పెన్నలో ఇసుక దాటి అవతలి గట్టుకు పోవాలన్నా ఇదే దిక్కు. కాబట్టి అమ్మేసి కొత్త థార్ కొనుక్కోమనే సలహా నాకు పనికిరాదు. ఆ డబ్బుతో ఇంకో రెండు బోర్లు వేయించుకోవచ్చు, నీళ్లు పడతాయో లేదో అది వేరే సంగతి.

పోయిన ఎండాకాలానికి బండి బోరుకొచ్చింది, అంటే ఇంజన్ సిలిండర్ల లోపలి గోడలు (బోరు) అరిగిపోయాయి. నీలం పొగ, డిప్ స్టిక్ గొట్టంలోంచి ఆయిల్ తుంపర, లోడు వేసి సెకండ్ గేర్‌లో కాస్త ఎక్కుడు ఎక్కితే చాలు టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత మీదికి. తెలిసినవాళ్లంతా ఒకటే మాట: ఈ ప్యూజో పీకి పారేసి మహీంద్రా డీఐ ఇంజన్ వేయించు. ఇంకొందరు జపాన్ ఇంజన్ అన్నారు. మా పిన్ని కొడుకైతే స్కార్పియో ఇంజనే వేయిద్దాం అక్కా, హైవేలో దుమ్ము లేస్తుంది అన్నాడు. వాడికి పెన్న ఇసుక పని పడదు.

భాయ్ దగ్గరికి పోయింది కూడా ఇంజన్ మార్పించడానికే. ఆయన బండి స్టార్ట్ చేయించి, ఆయిల్ పోసే మూత తీసి, దాని మీద అరచేయి పెట్టి కాసేపు ఉన్నాడు. చేయి తీసి ప్యాంటుకు తుడుచుకుని అడిగిన మొదటి ప్రశ్న ఇంజన్ గురించి కాదు.

"రేడియేటర్‌లో ఏం నీళ్లు పోస్తారమ్మా?"

"బోరు నీళ్లే భాయ్. మా పక్క అందరూ అవే పోస్తారు."

రేడియేటర్ దించి పై ట్యాంకు విప్పించి నాకు చూపించాడు. సన్న గొట్టాల నోళ్లన్నీ తెల్లగా గారకట్టి ఉన్నాయి. సగానికి సగం పూర్తిగా మూసుకుపోయాయి. స్క్రూడ్రైవర్ మొనతో గీకితే సున్నం పెచ్చులు రాలాయి. మా బోరు నీళ్లలో ఉప్పు ఎంతుంటుందో కుండ అడుగున చూసి తెలుసు, బండి లోపల చూడటం అదే మొదలు. "ఇంతే గార బ్లాకులో కూడా ఉంటుందమ్మా. మీరు డీఐ వేసినా, జపాన్‌ది వేసినా ఈ రేడియేటర్, ఈ నీళ్లే కదా" అన్నాడు. ఇంజన్ అమ్మితే నాలుగు రూపాయలు వచ్చే మనిషి ఆ మాట అనడంతోనే నాకు షెడ్డు మీద గురి కుదిరింది.

అయినా మార్చుకోవడానికి ఉన్న దారులేంటో కూర్చోబెట్టి అడిగాను. ఆయన చెప్పింది, నేను నాలుగు చోట్ల విచారించింది కలిపి రాస్తున్నా.

డీఐ అంటే మహీంద్రా 2523 సీసీ ఇంజన్. దాని వంశం ట్రాక్టర్లది, ఇంటర్నేషనల్ బీ275 కాలం నుంచి వస్తున్నది. కమాండర్, బొలెరో, పికప్, మొదటి థార్‌లో తక్కువ ధరది, అన్నిట్లో తిరిగింది కాబట్టి మండల కేంద్రంలో కూడా దీని సామాన్లు దొరుకుతాయి. దీని అసలు బలం అదే. డీజిల్ నేరుగా సిలిండర్‌లోకే కొడుతుంది కాబట్టి చలికాలం పొద్దున ప్యూజోకున్నట్టు స్టార్ట్ చేసే ముందు వేడిచేసే హీటర్ ప్లగ్గుల గోల లేదు, మైలేజీ ప్యూజో కంటే మెరుగు. కింది ఆర్‌పీఎంలోనే లాగుతుంది, రేగడికి అది మంచిదే. ఇదే తరం జీపుల్లో కంపెనీయే ప్యూజో, డీఐ రెండూ పెట్టి అమ్మింది. అందుకే ఇంజన్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే బెల్ హౌసింగ్, ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంటింగులు పాత సామాన్ల అంగళ్లలో వెతికితే దొరుకుతాయి, లేత్ మీద సొంత తెలివి చూపించే పని తక్కువ. అయితే ఊగుడు మాత్రం మామూలుగా ఉండదు. ట్రాఫిక్‌లో నిలబడితే సైడ్ అద్దంలో వెనక లారీ ఒకటి రెండుగా కనపడుతుంది. ప్యూజో దీని ముందు చాలా నెమ్మది. నడుం నొప్పి ఉన్నవాళ్లు డీఐ బండి ఒక గంట నడిపి చూశాకే నిర్ణయం తీసుకోండి.

జపాన్ ఇంజన్ అంటే మన పక్క ఎక్కువగా టయోటా 2సీ. 1974 సీసీ, నున్నగా తిరుగుతుంది, శబ్దం తక్కువ. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్ ఇది. ఆ బెల్టు ఎప్పుడు మార్చారో చెప్పేవాడు ఉండడు, తెగితే పని అయిపోయినట్టే. వేడి ఎక్కితే హెడ్ పగలడం దీనికి పేరుపడ్డ జబ్బు. మన ఎండలకు, మన నీళ్లకు అలాంటి హెడ్ ఎందుకు? పైగా ఇవి పాత బండ్ల నుంచి విప్పుకొచ్చినవి. వేరే ఊర్లో ఇంజన్లు అమ్మే ఒకాయన నాకు వీడియో పంపాడు. ఇంజన్‌ను టైరు మీద పెట్టి, క్యాన్‌లో డీజిల్ పైపు వేసి, బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేసి, "చూడండి మేడం, పొగ లేదు" అన్నాడు. లోడు లేని ఇంజన్‌కు పొగ ఎందుకొస్తుంది? బిల్లు, దిగుమతి కాగితాలు ఉన్నాయా అని అడిగాను. తర్వాత ఫోన్ ఎత్తలేదు.

అంబాసడర్ డీజిల్‌లో వచ్చిన ఇసుజు రెండు లీటర్ల ఇంజన్ కూడా జీపులకు వేస్తారు. మంచి ఇంజనే, గట్టిది. కానీ హిందుస్తాన్ మోటార్స్ ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ 2014లో ఆగిపోయింది. ఇప్పుడు సామాన్ల కోసం తిరగడమంటే టెన్షనే.

స్కార్పియో, థార్‌లలోని కామన్ రైల్ ఇంజన్ల, అంటే కంప్యూటర్ చెప్పినట్టు డీజిల్ కొట్టే ఇంజన్ల ముచ్చట మా తమ్ముడికి కూడా భాయే చెప్పాడు. 2010 థార్‌లో ఆ కామన్ రైల్ (సీఆర్‌డీఈ) ఇంజన్ 105 హార్స్‌పవర్. మా బండి పుట్టినప్పటి బలానికి అది ఒకటిన్నర రెట్లకు పైనే. ఇంజన్ ఒక్కటే దించితే నడవదు, దాని కంప్యూటర్, పూర్తి వైరింగ్, సెన్సర్లు, ఎక్సలేటర్ పెడల్ అన్నీ రావాలి. అన్నీ వచ్చినా బ్రేకులు పాత డ్రమ్ములే, స్టీరింగ్ పాతదే, వెనక ఇరుసులోని క్రౌను పళ్లచక్రం పాతదే. "ఉరకడం సరే తమ్ముడూ, నిలబడేది ఎట్ల?" అని అడిగితే వాడు ఫోన్ చూసుకున్నాడు.

మారుతి జిప్సీ వాళ్లకు లెక్క వేరు. 1298 సీసీ పెట్రోల్ ఇంజన్, అదే జీ13 కుటుంబం ఇంజన్ మారుతి ఎస్టీమ్ కారులో కూడా వచ్చింది, కాబట్టి ఉన్న ఇంజన్‌నే బాగుచేయించుకోవడం సులువు. దానికి డీజిల్ ఎక్కించాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. ముందు కాగితాల సంగతి చూసుకోవాలి.

ఆ సంగతి ఎవరూ చెప్పరు గనక ఇక్కడే చెప్తా. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంజన్ మార్చాలంటే ఆర్‌టీఓ అనుమతి కావాలి, కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కాలి. 2019 సవరణతో మారిన సెక్షన్ 182ఎ ప్రకారం అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదంటే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మాలాంటి బండ్లకు పదిహేనేళ్లు దాటాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది, అప్పుడు బండి చూపించక తప్పదు. బ్లాకు మీద ఒక నంబరు, ఆర్‌సీలో ఇంకొకటి ఉంటే అక్కడే దొరికిపోతాం. రోడ్డు మీద ఏదన్నా జరిగితే ఇన్సూరెన్స్ వాడికి అంతకంటే మంచి సాకు ఉండదు. భాయ్ ఈ విషయం తనంతట తానే ఎత్తాడు. వేరే షెడ్లలో "ఎవరు చూస్తారు మేడం" అన్నారు.

సరే, ఉన్న ఇంజనే కట్టించాను. ఇక పని ఎలా చేశాడో చెప్తా.

ఇంజన్ బ్లాకు, క్రాంకు (పిస్టన్ల ఊపుకు తిరిగే ఇరుసు) లేత్‌కు పోయి వచ్చాక నేను షెడ్డులో ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నా. కొత్త రింగులు పిస్టన్‌కు ఎక్కించే ముందు భాయ్ ఒక్కో రింగును ఒట్టిగా సిలిండర్‌లోకి దింపి, పిస్టన్ తలకిందులు చేసి దానితో రింగును లోపలికి నెట్టాడు, అడ్డం పడకుండా సమంగా కూర్చోవాలని. తర్వాత రింగు రెండు కొసల మధ్య సందులో ఫీలర్ గేజి, అంటే సందు కొలిచే సన్న రేకు, దూర్చి చూశాడు. అన్ని రింగులకూ అదే వరస. ఒకదానికి సందు చాలలేదు. సన్న ఆకురాయితో కొసను రెండు సార్లు రాకి, గుడ్డతో తుడిచి, మళ్లీ దింపి చూశాడు. సందు లేకుండా బిగిస్తే వేడికి రింగు సాగి, కొసలు ఒకదానికొకటి తగిలి, లోపలే ఇరుక్కుని బోరు గీసుకుపోతుంది. డబ్బా విప్పి రింగులు నేరుగా ఎక్కించేవాళ్లను నేను చూశాను. ఆ బండ్లు ఏడాదికే మళ్లీ పొగ ఎందుకు కక్కుతాయో అప్పుడు అర్థమైంది.

డీజిల్ పంపు, నాజిళ్లు ఆయన చేయడు. టౌన్‌లో పంపు రూముకు పంపుతాడు, నన్నూ వెంట పొమ్మన్నాడు. అక్కడ నాజిల్‌ను టెస్టర్‌కు బిగించి చేత్తో లివర్ నొక్కుతారు. బాగున్న నాజిల్ కిర్రుమని డీజిల్‌ను పొగమంచులా కొడుతుంది. మా పాతవాటిలో ఒకటి ఏకంగా కారుతోంది, చుక్కలు చుక్కలుగా. నీలం పొగతో పాటు వచ్చే నల్ల పొగలో సగం పాపం దానిదే.

రేడియేటర్‌కు కొత్త కోర్ (సన్న గొట్టాల భాగం) వేయించాడు, ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్ కొత్తది పెట్టించాడు. ఇది ముఖ్యం, ఎందుకంటే మన ఊర్లలో సగం మంది మెకానిక్కులు "మన ఎండకు థర్మోస్టాట్ ఎందుకు" అని తీసి పారేస్తారు. అది లేకుంటే చలికాలం పొద్దున ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు, బోరు త్వరగా అరుగుతుంది. కూలెంట్ డబ్బా, డిస్టిల్డ్ వాటర్ ఇచ్చి, "బోరు నీళ్లు పోస్తే నా దగ్గరికి రావద్దమ్మా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ నవ్వు కాదు అది.

బండి వచ్చాక ఈ ఎండాకాలం రాయచోటిలో పెళ్లికి పోయాం, కడప మీదుగా. గువ్వలచెరువు ఘాటులో మనుషుల లోడు, మే నెల మధ్యాహ్నం, ముందర సిమెంటు లారీ. ముల్లు సగం దాటలేదు. ఆయిల్ తాగడం ఆగిపోయింది. వేగం మాత్రం పాత వేగమే, అరవై దాటితే గాలి చప్పుడే వినపడుతుంది, ఇంజన్ కట్టించినంత మాత్రాన జీపు కారు కాదు కదా.

ఇక తిట్లు. వారంలో అన్న బండి నెల దాటాక వచ్చింది. ఫోన్ చేస్తే "రేపు పొద్దున" అంటాడు, ఏ రేపో చెప్పడు. చీనీ కోత మొదలైన రోజుల్లో బాడుగ బండికి నేను పెట్టింది తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. వైరింగ్ ఆయన పిల్లోడు చేస్తాడు, టేపు చుట్టడమే పని అనుకుంటాడు. హీటర్ ప్లగ్గుల స్విచ్ దగ్గర వైరు వేడెక్కి వాసన వస్తే నేను వేరేచోట రిలే పెట్టించుకున్నాను. బిల్లు కాగితం మీద చేత్తో రాసిస్తాడు, సామాన్ల బిల్లులు మనమే అడిగి తీసుకోవాలి. పాత సామాన్లు అడగకుంటే అక్కడే ఉండిపోతాయి.

ఖర్చు అన్నీ కలిపి లక్షకు కాస్త పైన. అందులో భాయ్ కూలి చిన్న భాగమే, సామాన్లు, లేత్, పంపు, రేడియేటర్‌కే పోయింది. డీఐ మార్పుకు ఇంకో షెడ్డువాళ్లు చెప్పిన లెక్క కూడా దాదాపు ఇంతే వచ్చింది, కానీ అందులో రేడియేటర్ లేదు, కాగితాల ఖర్చు లేదు, వచ్చే ఇంజన్ ఎంత అరిగిందో తెలియదు.

బ్లాకు పగిలిందనో, క్రాంకు ఇక గ్రైండింగ్‌కు రాదనో తేలితే అప్పుడు డీఐకి పొండి, అదీ ఆర్‌టీఓ కాగితం చేతికొచ్చాకే. భాయ్ కూడా అలాంటి బండ్లకు డీఐ వేస్తాడు, నేను పోయినప్పుడు ఒక పాత కమాండర్‌కు వేస్తున్నాడు. కామన్ రైల్ పని అడిగితే మాత్రం చేతులెత్తేస్తాడు, తెలియదని ముఖానే చెప్తాడు.

పోవాలనుకునేవాళ్లు బండి వేడిగా ఉన్నప్పుడు కాదు, రాత్రంతా చల్లారాక పొద్దున్నే తోలుకుపోండి, చల్ల ఇంజన్ స్టార్ట్ అయ్యేది ఆయన చూడాలంటాడు. శుక్రవారం మధ్యాహ్నం షెడ్డు మూసి ఉంటుంది. అడ్వాన్సు సామాన్లకు సరిపడా ఇస్తే చాలు, మిగతాది బండి ఎక్కుడులో తోలి చూశాక ఇవ్వండి. ఆయనేమీ అనుకోడు.