మూత్రాశయం తొలగించాక: బయటి సంచి, లోపలి సంచి

క్యాన్సర్ వల్ల మూత్రాశయాన్ని పూర్తిగా తొలగించినప్పుడు మూత్రానికి కొత్త దారిని సాధారణంగా రోగి పేగుతోనే ఏర్పరుస్తారు. ఇలియల్ కాండ్యూట్ పద్ధతిలో చిన్నపేగు నుంచి సుమారు 15 సెంటీమీటర్ల ముక్కను తీసి, మూత్రనాళాలను దానికి కలిపి, రెండో కొసను పొట్టపై స్టోమాగా, అంటే చిన్న రంధ్రంగా తెరిచి, మూత్రం పట్టే సంచిని దానిపై బయటినుంచి అతికిస్తారు. నియోబ్లాడర్‌లో అంతకన్నా చాలా పొడవైన పేగును సంచిలా కుట్టి మూత్రమార్గానికే కలుపుతారు.

పైకి ఏమీ కనిపించదన్న ఊరటతోనే చాలామంది నియోబ్లాడర్ వైపు మొగ్గుతారు. అయితే దాని వెనక ఉన్న శ్రమను ముందుగా ఎవరైనా విడమరచి చెప్పడం చాలా అవసరం. పేగుకు నిండిన సంగతి మూత్రాశయంలా తెలియదు కనుక, తొలి వారాల్లో రెండు మూడు గంటలకోసారి, రాత్రి అలారం పెట్టుకునైనా లేచి, కూర్చుని, కటి కండరాలను వదులు చేసి, పొట్ట బిగించి మూత్రం పోయాలి. పగటి అదుపు నెలల్లో కుదురుకున్నా, రాత్రి పక్క తడవడం ఇంకా ఎక్కువ కాలం ఉండవచ్చు. కొందరు స్వయంగా కేథటర్ (మూత్రం బయటికి తీసే సన్నని గొట్టం) వేసుకోవలసి వస్తుంది.

కాండ్యూట్‌లో ఈ శిక్షణ లేదు, కానీ చర్మాన్ని కాపాడుకోవాలి. సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి. సంచిని చర్మానికి అతికించే పలక రంధ్రం స్టోమా కన్నా వెడల్పైతే మూత్రం తగిలి చుట్టూ చర్మం ఒరుసుకుపోతుంది. ఉదయం నీళ్లు తాగకముందు మూత్రం తక్కువగా వస్తుంది గనుక సంచి మార్చడానికి అదే అనువైన వేళ. మూత్రంలో తెల్లని జిగురు పోగులు రెండింటిలోనూ కనిపిస్తాయి. అది పేగు స్రావమే, భయపడనక్కరలేదు.

మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి కాండ్యూటే క్షేమం.