కూత వింటే పిట్ట పేరు చెప్పే యాప్: మారేడుమిల్లిలో రెండు రోజులు వాడి చూశా

యాప్ ఉచితమే. మైక్ ఆన్ చేసి పెడితే చుట్టూ కూస్తున్న పిట్టల పేర్లు స్క్రీన్ మీద వరసగా పడతాయి. మొన్న ఏప్రిల్‌లో మారేడుమిల్లి వెళ్ళినప్పుడు రెండు రోజులూ దీంతోనే తిరిగాను. ఐదుకి మూడున్నర ఇస్తా.

మొదటిరోజు ఇంకా తెల్లారకముందే కాటేజీ వెనక వెదురు పొదల్లోంచి పాట మొదలైంది. ఒక ఈల, కాస్త ఆగి ఇంకో ఈల, మధ్యలో గబగబా గిరికీలు, వేసిన వరస మళ్ళీ వేయదు. యాప్ ముందు పెద్ద నల్లంచి అంది, అదే, మన ఊళ్ళలో గోడల మీద తోక ఎగరేస్తూ తిరిగే నలుపు తెలుపు పిట్ట. అర నిమిషానికి షామా అనే అడవి పిట్ట పేరు చెప్పింది. ఇంకాసేపటికి, తోక చివర రెండు పుల్లలకి ఆకులు కట్టినట్టు వేలాడే ఏట్రింత ఉంటుంది చూడండి, దాని పేరూ చేర్చింది. ఒక్క గొంతుకి మూడు పేర్లు! మరీ తిట్టలేం లెండి, షామా పక్క పిట్టల కూతలు ఎత్తేస్తుంది, ఆ ఏట్రింతకీ అదే బుద్ధి.

చివరికి అది షామానే అని తేల్చింది బైనాక్యులర్సే. వెలుతురొచ్చాక అడవి అంచున కింది కొమ్మ మీదికి వచ్చింది: నిగనిగలాడే నల్లటి తల, ఇటుక రంగు పొట్ట, బాగా పొడుగు తోక, ఎగిరినప్పుడు నడుం మీద తళుక్కుమన్న తెలుపు. పెద్ద నల్లంచికైతే పొట్ట తెల్లగా ఉంటుంది, రెక్క మీద తెల్ల పట్టీ కూడా. షామాకి ఆ పట్టీ లేదు. దీని పాత తెలుగు పేరు పొద నల్లంచి, ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు, పొద దాటి బయటికి రావడమే తక్కువ. అక్కడే పురుగులు ఏరుకుంటుంది, చెట్టు తొర్రలో గూడు పెడుతుంది. ఆడపిట్ట బూడిద రంగులో, పొట్టి తోకతో ఉంటుంది, దాన్ని చూడటం నా వల్ల కాలేదు.

అన్నట్టు 1889లో లుడ్విగ్ కోఖ్ అనే జర్మన్ పిల్లాడు మైనపు సిలిండర్ మీద రికార్డు చేసిన పాట షామాదే. రికార్డయిన తొలి పక్షి పాట అదేనంటారు.

నాకు నచ్చనిది, పేరు పక్కనే పాట వినిపించే బటన్. పక్క గదివాళ్ళు పదేపదే అదే నొక్కుతూ కూర్చున్నారు, పాపం ఆ మగపిట్ట తన హద్దులోకి ఇంకోడు దూరాడనుకుని పాట మానేసి టక్ టక్‌మని అరుస్తూ అటూ ఇటూ తిరిగింది. గూళ్ళు పెట్టే కాలంలో దానికి ఆ టెన్షన్ ఎందుకు? వాగు దగ్గరైతే నీళ్ళ చప్పుడుకి యాప్ అసలు పనిచేయలేదు. అడవిలో సిగ్నల్ ఉండదు, మన ప్రాంతం పిట్టల ప్యాక్ రాజమండ్రిలోనే దించుకుని వెళ్ళండి.